వేయి అతుకుల బొంత

కంకణపురి యువరాజు శరభకేతు ఇరవై నాలుగేళ్ళు నిండకముందే మూడు యుద్ధాలు గెలిచాడు. గొలుసు తెంచుకుని రాజవీధిన పడిన పట్టపుటేనుగును ఒంటిచేత్తో నిలవరించాడు. పరుగెత్తే గుర్రం మీంచి ఎగిరే పిట్ట నీడను బాణంతో కొట్టగలడని జనం చెప్పుకునేవారు. అటువంటి వీరుడు ఇప్పుడు దూదిపేటలో, బొంతలు కుట్టే ఎర్రమ్మ ఇంటి పంచలో, ఈతాకు చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, జాము పొద్దెక్కేదాకా ఒక్క సూదిలోకి దారం ఎక్కించలేకపోయాడు.

"కొస తడి చేసుకో నాయనా, సులువుగా దూరుతుంది," అంది ఎర్రమ్మ.

శరభకేతు సూదిని నోట్లో పెట్టుకున్నాడు.

"తడపమన్నది దారాన్ని! సూది మింగావంటే నీ కడుపు కోసి కుట్టేవాళ్ళు ఈ పేటలో లేరు."

పంచలో కుట్టుపని చేస్తున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. శరభకేతు తల వంచుకుని సూదిని బయటికి తీశాడు. ఆ ఇంట్లో అతను యువరాజు కాడు. మెట్ట ఊళ్ళ నుంచి పని నేర్చుకోవడానికి వచ్చిన ఓబయ్య.

యువరాజు ఓబయ్య కావలసిన అవసరం ఇలా వచ్చింది.

దూదిపేటకు ఉత్తరాన, మబ్బుల్ని చీల్చుకుంటూ గరుడశిల అనే కొండ ఉంది. నాలుగు వైపులా గోడ చెక్కినట్టు నిటారుగా ఉంటుంది. దాని శిఖరం మీద జడభైరవుడనే మాంత్రికుడు కోట కట్టుకున్నాడు. అతను యౌవనంలో మృత్యువును జయించాలని మంచుగుహలో పన్నెండేళ్ళు ఉపాసన చేశాడు. మృత్యువు అతనికి దూరమైంది గానీ, ఆ గుహలోని చలి అతని ఎముకల్లో దూరి కూర్చుంది. ఎండకు పోలేదు, మంటకు పోలేదు. ఒక్క వేయి అతుకుల బొంత కప్పుకుంటే మాత్రం కాస్త నెమ్మదిస్తుంది. ఆ బొంత చిరిగినప్పుడల్లా కొండ దిగువకు గంపలు దించి, దూదిపేట నుంచి కుట్టేవాళ్ళను పైకి లాగించుకునేవాడు. వెళ్ళినవాళ్ళు ఇంతవరకు తిరిగి రాలేదు.

కంకణపురిని ఏలే మహారాణి కువలయాంబ శరభకేతుకు అక్క. తల్లిదండ్రులు పోయాక తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని సాకింది, రాజ్యాన్నీ సాకింది. నా ప్రజలు ఏమయ్యారో చెప్పమని అడగడానికి ఆమె ఆరు నెలల కిందట తెల్లజెండా పట్టుకుని గరుడశిల ఎక్కింది. ఆమె కూడా రాలేదు. శరభకేతు మూడుసార్లు సేనతో కొండను ముట్టడించాడు. మూడుసార్లూ నిర్మలమైన ఆకాశం నుంచి ఏనుగు తలలంత వడగళ్ళు పడి, నిచ్చెనలు విరిగి, సైనికులు చెదిరిపోయారు. కత్తి పట్టినవాడికి ఆ కొండ దారి ఇవ్వదు, సూది పట్టినవాడికే ఇస్తుంది అని అతనికి అప్పుడు తెలిసింది.

అందుకని కత్తి దాచి దూదిపేటకు వచ్చాడు.

ఆ దూదిపేట చూడదగ్గ ఊరు. ఇంటింటి కప్పు మీద ఏకిన దూది ఎండబోసి ఉంటే, ఊరంతా మల్లెపూలు కురిసినట్టుండేది. వీధుల్లో తాళ్ళ మీద ఆరవేసిన పాత చీరలు గాలికి ఊగుతూ, ఒక ఇంటి పసుపు ఇంకో ఇంటి గోడ మీద, ఒక ఇంటి కుంకుమరంగు ఎదురింటి గడప మీద నీడలు పరిచేవి. పొద్దున్నే దూదేకేవాళ్ళ వింటినారి "టంగు, టంగు" మని మోగుతుంటే, ఆ తాళానికి ఆడవాళ్ళ గాజులు గలగలలాడుతూ సూదులు లేచేవి, దిగేవి. ఒక్క ఎర్రమ్మ ఇంట్లోనే నాలుగు తరాల చీరలు బొంతలై పడి ఉండేవి. ముని ముత్తవ్వ పెళ్ళిచీర ముక్క మీద మునిమనవరాలు నిద్రపోయే ఊరు అది.

ఆ ఊళ్ళో ఓబయ్యంత చెడ్డగా కుట్టినవాడు అంతకు ముందు పుట్టలేదు.

మొదటిరోజు మాటిమాటికీ దారం ఎక్కించడం బాధని అయిదు బారల దారం ఒకేసారి తీసుకున్నాడు. అది చుట్టూ ఉన్నవాళ్ళ గాజుల్లో, చాప ఈనెల్లో, పక్కన పడుకున్న పిల్లి కాళ్ళలో చిక్కుకుంది. పిల్లి లేచి పరుగెత్తింది. దాని వెంట బొంతా కదిలింది.

"మూరెడు దారం చాలురా. పొడుగు దారం సోమరివాడి చుట్టం," అంది ఎర్రమ్మ.

రెండో రోజు మూరెడు దారమే తీసుకుని, వంక లేకుండా ఒక వరుస కుట్టి, గర్వంగా దారం లాగాడు. కొసన ముడి వేయలేదు. కుట్టు మొత్తం ఒక్క లాగుకు ఊడి చేతికొచ్చింది. మూడో రోజు దిండు గలీబు కుట్టమంటే నాలుగు వైపులా కుట్టేసి, దూది ఎక్కడ పెట్టాలని అడిగాడు. అయిదో రోజు అతను అతికిన నెమలి ముక్కలో నెమలి తలకిందులుగా వేలాడింది.

"పాపం, దానికేం కష్టమొచ్చిందో!" అన్నారు ఆడవాళ్ళు.

ఇన్ని జరిగినా నవ్వని మనిషి ఆ పంచలో ఒక్కతే. ఎర్రమ్మ కోడలు బంగారి. ముప్పై ఏళ్ళు దాటిన మనిషి. దూదిపేట మొత్తంలో ఆమె కుట్టుకు సాటి లేదు. ఆమె మొగుడు లచ్చన్న నిరుడు గంపలో గరుడశిల ఎక్కాడు. ఆనాటి నుంచి ఆమె పని చేసేది, తినేది, అడిగినదానికి జవాబు చెప్పేది. అంతకు మించి ఆమె నోరు విప్పగా ఎవరూ వినలేదు. ఎర్రమ్మ మాత్రం తలుపు చప్పుడైతే చాలు, కొడుకేమోనని ఇప్పటికీ తల తిప్పి చూసేది.

పదో రోజున శరభకేతు ఒళ్ళో బొంత పెట్టుకుని, నాలిక పళ్ళ మధ్య పట్టి, లోకం మరిచి కుడుతున్నాడు. అంతలో కప్పు మీంచి బారెడు పొడుగున్న జెర్రిపోతు దబ్బున చాప మీద పడింది. ఆడవాళ్ళు కేకలు వేశారు. యువరాజు రక్తం ఉడికింది. "భయపడకండి!" అని అరిచి ఒక్క ఉదుటున లేచాడు.

లేవడం లేచాడు గానీ, నిలబడలేకపోయాడు. అప్పటిదాకా అతను కుట్టింది బొంతనొక్కదాన్నే కాదు. బొంతతో కలిపి తన పంచెనూ కుట్టేసుకున్నాడు. బొంత బరువుకు పంచె గుంజుకుని, కాళ్ళకు మెలివడి, యువరాజు బోర్లా పడ్డాడు. అతని మీద బొంత, బొంత కింద జెర్రిపోతు. పాపం ఆ పాము ఊపిరాడక ఒక మూల నుంచి తల బయటపెట్టి, అందరినీ ఒకసారి చూసి, పాకుకుంటూ గోడ దాటిపోయింది.

అప్పుడు బంగారి నవ్వింది. మొదట ముక్కులో నవ్వింది. తరవాత సూది కింద పెట్టి, రెండు చేతులతో పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. "అత్తా! పాముకు బొంత కప్పాడు అత్తా! చలేస్తుందనుకున్నాడేమో!" అని చెప్పలేక చెప్పలేక చెప్పింది.

శరభకేతు ముఖం కందగడ్డయింది. చెయ్యి తనకు తెలియకుండానే నడుం దగ్గరికి, కత్తి ఉండవలసిన చోటికి పోయింది. అక్కడ కత్తికి బదులు బొంత మూల తగిలింది. దాన్ని చూశాడు. తన పంచెను చూసుకున్నాడు. కుట్టు ఎంత నేర్పుగా, ఎంత వరసగా పడిందో చూశాడు. నేర్చుకున్న పది రోజుల్లో అతను కుట్టిన మంచి కుట్టు అదొక్కటే. అతనికీ నవ్వొచ్చింది. కింద పడినవాడు లేవకుండానే నవ్వాడు.

ఎర్రమ్మ నవ్వలేదు. కోడలి వంకే చూస్తూ కూర్చుంది. ఏడాదిగా ఆ ఇంట్లో వినబడని చప్పుడది. చివరికి కొంగుతో కళ్ళొత్తుకుని, "ఓబయ్యా, నువ్వు ఎన్నాళ్ళు చెడగొట్టినా సరే, ఈ ఇంట్లోనే ఉండి చెడగొట్టు," అంది.

ఆ తరవాత ఆమె అతని చేతికి ఒక ఏదుపంది ముల్లు ఇచ్చింది. నలుపు తెలుపు చారలతో, గోరంత మొన తేలి, నున్నగా ఉంది. తప్పు పడిన కుట్టును గుడ్డ చిరగకుండా ఎత్తి విప్పడానికి ఆ ముల్లే సాధనం. తప్పులకు కొదవ లేదు గనక శరభకేతుకు ఆ పని పుష్కలంగా దొరికింది. పొద్దున కుట్టింది సాయంత్రం విప్పేవాడు. నెల తిరిగేసరికి కళ్ళు మూసుకుని, వేలి కొసతో కుట్టు తడిమి, ముల్లుతో ఒక్కొక్క దారం లేపుతూ, పిట్ట గింజలేరినంత వేగంగా విప్పేవాడు.

"కుట్టడం ఇంకా అంతంతమాత్రమేరా. విప్పడంలో మాత్రం నా అంతవాడివయ్యావు," అంది ఎర్రమ్మ.

ఆ మాట అన్న మరునాడే ఉత్తరపు గాలి మొదలైంది. మధ్యాహ్నానికి గరుడశిల మీంచి కొమ్ము బూర మోగింది. దూదేకేవాళ్ళ వింటినారులు ఆగిపోయాయి. వీధిలో పిల్లల్ని తల్లులు లోపలికి లాక్కున్నారు. బొంత చిరిగిందని, ఇద్దరు కుట్టేవాళ్ళు రేపు పొద్దెక్కేలోగా కొండ కింద ఉండాలని, లేకపోతే దూదిపేట కప్పుల మీద దూదికి బదులు మంచు ఉంటుందని కొండ మీంచి ఒక గొంతు ప్రకటించింది.

"నేను వెళ్తాను," అన్నాడు ఓబయ్య.

"నేనూ వెళ్తాను," అంది బంగారి.

ఎర్రమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తరవాత శరభకేతును పెరట్లోకి పిలిచి నిలబెట్టింది.

"అయ్యా, తమరెవరో నేనడగను. కూటి కోసం వచ్చినవాడైతే మూడో రోజే పారిపోయేవాడు. వేళ్ళన్నీ తూట్లు పడి రక్తం కారుతున్నా నెల రోజులు కూర్చున్నారంటే, ఆ కొండ మీద తమ మనిషి ఎవరో ఉన్నారు."

"మా అక్క ఉందమ్మా," అన్నాడు శరభకేతు.

"నా కొడుకున్నాడు. నా కోడల్ని కూడా మీ వెంట పంపిస్తున్నాను." ఆమె ముల్లును అతని తలపాగా మడతలో దోపి లోపలికి వెళ్ళిపోయింది.

మరునాడు పొద్దు పొడవగానే ఇద్దరూ గంపలో కూర్చున్నారు. మూడు వందల బారల ఎత్తుకు గంప ఊగుతూ లేచింది. కింద దూదిపేట తెల్లని పావురంలా, తరవాత తెల్లని ఈకలా, చివరికి తెల్లని చుక్కలా మారిపోయింది. పైన ద్వారం దగ్గర తాడు లాగుతున్నవాడు మాంత్రికుడి బంటు కరాళుడు. ఇద్దరు మనుషులంత ఎత్తు, అడవిపంది కోరలు, తాటిపట్టలాంటి చేతులు. ఎలుగుబంటి తోలుతో కుట్టిన అంగీ తొడుక్కున్నాడు. ఆ అంగీ భుజం దగ్గర చిరిగి ఉంది.

"చేతులు!" అన్నాడు కరాళుడు.

బంగారి చేతులు చూసి వదిలేశాడు. శరభకేతు కుడిచేతిని తిప్పి అరచేతి మీద తన బొటనవేలితో రుద్దాడు. వాడి కళ్ళు చిన్నవయ్యాయి.

"వేలి కొసలకు సూది గాట్లున్నాయి, సరే. ఈ అరచేతి కాయ ఏమిటి? ఇది కత్తి పిడి పట్టి కాసిన కాయ."

కొండ అంచు వెనక నాలుగడుగుల దూరంలో ఉంది. కరాళుడు చేతిని వదలకుండా అతన్ని ఆ అంచు వైపు నడిపించాడు.

"కొడవలి కాయ అయ్యా. మెట్ట సేద్యగాణ్ణి," అన్నాడు శరభకేతు.

"అయితే నా అంగీ కుట్టు. ఇక్కడే, ఇప్పుడే. కుట్టలేకపోయావంటే నీ దారి గంపలో కాదు."

కరాళుడు చెయ్యి వదిలి అంగీ విప్పి ఇచ్చాడు. శరభకేతు సూది తీశాడు. దారం మొదటిసారికే ఎక్కింది. కొసన ముడి వేశాడు. మూరెడుకు మించి తీసుకోలేదు. నేర్చుకున్నదంతా గుర్తు పెట్టుకుని, చిరుగు పొడుగునా వరసగా, దగ్గర దగ్గరగా, తోలు కుట్టడం కష్టమైనా పట్టుగా కుట్టి దారం కొరికాడు. కరాళుడు అంగీ తొడుక్కోబోయాడు. కుడిచెయ్యి చంకదాకా పోయి ఆగిపోయింది. శరభకేతు చిరుగుతో పాటు చేతి దారిని కూడా మూసి కుట్టేశాడు.

కరాళుడు తోసి చూశాడు, గుంజి చూశాడు. తన అంగీలో తానే చిక్కుకుని గిర్రున తిరిగాడు. బంగారి ధైర్యం చేసి ముందుకొచ్చింది.

"స్వామీ, కోప్పడకండి. వీడు ఎప్పుడూ ఇంతే. బొంత మూల పట్టుకోవడానికి తెచ్చాను గానీ కుట్టడానికి కాదు. వీడికి సూదిస్తే తన పంచెను తానే కుట్టుకుంటాడు."

కరాళుడు చాలాసేపు ఆలోచించాడు. వాడికి ఆలోచించడం అలవాటు లేదు. "వేషం వేసుకుని వచ్చినవాడైతే," అన్నాడు చివరికి, "ఇంతకన్న బాగా నేర్చుకుని వస్తాడు," అని అంగీని విసిరికొట్టి, దారి వదిలాడు.

లోపలి సభామంటపం కళ్ళు మిరుమిట్లు గొలిపింది. పగడపు స్తంభాలు, వాటి చుట్టూ పెనవేసుకున్న బంగారు నాగులు, నాగుల పడగల్లో కెంపులు. నేల పొడుగునా నూట ఎనిమిది ఇత్తడి కుంపట్లలో చండ్రనిప్పులు కణకణలాడుతున్నాయి. ఆ సెగకు లోపలికి వచ్చినవాళ్ళ కనుబొమలు మాడేటట్టున్నాయి. ఆ నిప్పుల నడిమధ్య, దంతపు పీఠం మీద జడభైరవుడు గజగజ వణుకుతున్నాడు. అతని గడ్డం నుంచి మంచుముక్కలు వేలాడుతున్నాయి. గొంతు నుంచి పాదాల దాకా, పాదాల నుంచి నేల మీద పదిబారల దాకా వేయి అతుకుల బొంత పరుచుకుని ఉంది.

"బొంత నా మీంచి తీయవద్దు. అలాగే కుట్టండి. అదిగో, కాళ్ళ వైపు ఒక ముక్క ఊడి ఖాళీ ఏర్పడింది," అన్నాడు మాంత్రికుడు. ఒక్కొక్క మాటకూ పళ్ళు టకటకలాడాయి.

బంగారి ఆ ఖాళీ ముందు కూర్చుంది. జానెడు పొడుగు, జానెడు వెడల్పు. "మరి అతికే గుడ్డ ఏది స్వామీ?"

"నీకెందుకు? చుట్టూ కుట్టు వేసుకుంటూ రా. ఆఖరి ముడి వేసేసరికి గుడ్డ అదే వస్తుంది."

బంగారి, శరభకేతు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెళ్ళినవాళ్ళు ఎందుకు తిరిగి రాలేదో, ఆ గుడ్డ అయ్యేది ఎవరో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. శరభకేతు మెల్లగా అరచేతిని బొంత మీద ఆనించాడు. వెచ్చగా ఉంది. ప్రతి ముక్క కిందా ఏదో సన్నగా కొట్టుకుంటోంది. మణికట్టు దగ్గర నాడి కొట్టుకున్నట్టు. అలా చెయ్యి జరుపుతూ పోగా, హంసల అంచున్న నీలిపట్టు ముక్క ఒకటి తగిలింది. అతని చెయ్యి ఆగిపోయింది. కువలయాంబ తెల్లజెండాతో కొండ ఎక్కిన రోజున వేసుకున్న ఉత్తరీయం అంచు అది.

దానికి రెండు జానల దూరంలో ముతక గళ్ళ పంచె ముక్క ఉంది. బంగారి దాన్ని అప్పటికే చూసింది. ఆమె పెదవులు తెల్లబడ్డాయి. అయినా సూది ఆపలేదు.

శరభకేతు తలపాగా సర్దుకుంటున్నట్టు ముల్లు తీసి, బొంత మడత కింద చెయ్యి దాచి, నీలి ముక్క అంచున మొదటి కుట్టు లేపాడు. వెంటనే జడభైరవుడు ఉలిక్కిపడ్డాడు.

"గాలి! ఎక్కడి నుంచో చలిగాలి వస్తోంది!"

"మా ఓబయ్య ఒణుకుతున్నాడు స్వామీ, అందుకని బొంత కదిలింది," అంది బంగారి. ఆమె నోటికి వచ్చింది చెప్పడం మొదలుపెట్టింది. "వీణ్ణి నమ్మకండి స్వామీ. మా అత్త దారం తడపమంటే సూది నోట్లో పెట్టుకున్నాడు."

మాంత్రికుడు కనుబొమలు ముడిచాడు. "సూదినా?"

"అవును స్వామీ. దిండు గలీబుకు నాలుగు పక్కలా కుట్టేసి, దూది ఎటునుంచి పెట్టాలని అడిగాడు. పిల్లికి దారం చుట్టాడు. అది బొంతతో సహా పారిపోయింది. ఒకనాడు పాము పడింది. అందరం అరిచాం. వీరుడిలా లేచాడు. లేచేసరికి..."

ఆమె ఏడుపు మింగుకుంటూ చెబుతోంది. కానీ చెప్పే కొద్దీ ఆ పంచ, ఆ చాప, బోర్లా పడిన మనిషి ఆమె కళ్ళ ముందు కదిలి, గొంతులోకి నవ్వు కూడా వచ్చింది. జడభైరవుడి గడ్డం కదిలింది. మొదట దగ్గుతున్నాడనుకున్నారు. అది నవ్వు. నూరేళ్ళుగా వాడక తుప్పు పట్టిన నవ్వు. అది బయటపడే కొద్దీ అతని గడ్డం లోని మంచు కరిగి బొట్లు బొట్లుగా రాలింది. ఒంట్లో కాస్త వేడి పుట్టి, కాళ్ళ దగ్గర దూరే చలి అతనికి తెలియడం మానేసింది.

"పాముకు బొంత కప్పాడా! చెప్పు, చెప్పు! తరవాత?"

బొంత కింద శరభకేతు ముల్లు పిట్టముక్కులా ఆడుతోంది. నీలి ముక్క ఒక వైపు విడిపోయింది. రెండో వైపూ విడిపోయింది. అంతలో అతని మోచెయ్యి గళ్ళ ముక్కకు తగిలింది. దాని కింద నాడి చాలా నీరసంగా కొట్టుకుంటోంది. ఒకటి కొట్టుకున్నాక ఇంకొకటి వస్తుందో రాదో అన్నట్టుంది. అక్కయ్య నాడి బలంగానే ఉంది. లచ్చన్న నాడి ఇంకో ఘడియ నిలిచేటట్టు లేదు. బంగారి కథ చెబుతూనే అతని చెయ్యి ఎక్కడుందో చూసింది.

శరభకేతు ముల్లును గళ్ళ ముక్క మీదికి మార్చాడు.

"తలకిందుల నెమలిని అతికాడు స్వామీ," అంటోంది బంగారి. "మా వీధిలో వాళ్ళంతా వచ్చి దాన్ని పలకరించి పోయేవాళ్ళు..."

నాలుగో అంచున ఆఖరి కుట్టు లేచింది. ముక్క పైకి ఎగిరి, గాలిలో మెలితిరిగి, మనిషయింది. ఎముకల గూడులా ఉన్న లచ్చన్న దబ్బున నేల మీద పడి, కళ్ళు తెరిచి, "బంగారీ, దాహం," అన్నాడు.

మాంత్రికుడి నవ్వు తెగింది. అతను పీఠం మీంచి లేచి నిలబడ్డాడు. అతని నోటి నుంచి వచ్చిన ఊపిరికి పన్నెండు కుంపట్లు ఒక్కసారిగా ఆరిపోయి మంచు గడ్డలయ్యాయి.

"కరాళా!"

శరభకేతు బొంత అంచు పట్టుకుని బలంకొద్దీ గుంజాడు. ఏనుగును నిలబెట్టిన చెయ్యి అది. వేయి అతుకుల బొంత జడభైరవుడి భుజాల మీంచి జారి, కుంపట్లను దొర్లిస్తూ అతని చేతికి వచ్చింది. మాంత్రికుడు మంత్రం సగం ఉచ్చరించేసరికి పెదవులు గడ్డకట్టాయి. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలిచిపోయింది. కళ్ళు మాత్రం పగతో తిరుగుతున్నాయి.

బంగారి, శరభకేతు ద్వారం వైపు పరుగెత్తారు. శరభకేతు ఒక భుజం మీద బొంత, ఇంకో భుజం మీద లచ్చన్న. వెనక కరాళుడి అడుగులకు పగడపు స్తంభాలు అదిరాయి. ద్వారం దాటి చూస్తే గంప లేదు. మాంత్రికుడి ఊపిరి సోకి తాడు పెళుసెక్కి ముక్కలై పడి ఉంది.

"దూకాలి," అన్నాడు లచ్చన్న. నిరుడు అతన్ని బొంతలో కుట్టకముందు మూడు రోజులు అదే అంచున కూర్చోబెట్టారు. "ఎండెక్కాక లోయ గాలి పైకి తంతుంది. ఆరేసిన గుడ్డలన్నీ ఎగిరిపోయేవి. బొంత మూలలు పట్టుకోండి!"

కరాళుడి చెయ్యి బంగారి జడను అందుకోబోయింది. ఆమె చేతిలోని సూది వాడి అరచేతిలో దిగింది. వాడు అరిచేలోపల ముగ్గురూ అంచు దాటారు.

రాయిలా పడ్డారు. వంద బారలు పడ్డాక గాలి బొంత కిందికి దూరింది. బొంత ఉబ్బింది, కానీ ఒరిగిపోయింది. మూడు మూలలు ముగ్గురి చేతుల్లో ఉన్నాయి. నాలుగో మూల టపటప కొట్టుకుంటూ, గాలినంతా వదిలేస్తోంది. లచ్చన్న విడిపోయిన చోట, అంతకుముందే ముక్క ఊడిన చోట రెండు కంతలు ఈల వేస్తున్నాయి. కొండ గోడ వాళ్ళ మీదికి దూసుకొస్తోంది.

అప్పుడు, రెండు వైపులా కుట్టు విప్పి వదిలేసిన నీలిపట్టు ముక్క లోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. మోచేతి దాకా వచ్చి, హంస ముద్ర ఉన్న ఉంగరపు వేళ్ళతో గాలిని తడుముకుని, ఎగురుతున్న నాలుగో మూలను ఒడిసి పట్టుకుంది. బొంత గుడారంలా విచ్చుకుని నిటారుగా నిలిచి, గాలితో పాటు పైకి లేచి, కొండకు దూరంగా కొట్టుకుపోసాగింది.

"అక్కా!" అని అరిచాడు శరభకేతు. ముల్లును పళ్ళ మధ్య పెట్టుకుని, ఒంటిచేత్తో వేలాడుతూ ఆమె వైపు జరిగాడు. "ఇంకా రెండు వైపులే మిగిలాయి. ఇప్పుడే విప్పేస్తాను!"

"ఆగు తమ్ముడూ." నీలిపట్టు కింది నుంచి వచ్చిన గొంతు సన్నగా ఉన్నా, రాజ్యాన్ని ఏలిన గొంతే. "నన్ను విప్పితే మీ నెత్తిన మూడో కంత పడుతుంది. ముందు కింద నేల ఎక్కడుందో చూసి చెప్పు."

శరభకేతు కిందికి చూశాడు. దూదిపేట కప్పులు ఎడమవైపున ఎప్పుడో వెనకబడిపోయాయి. అడవి అయిపోయింది, ఇసుక దిబ్బలు అయిపోయాయి. కింద కనుచూపు మేర సముద్రమే ఉంది. దాని నడుమ ఒకే ఒక నల్లని దీవి. గాలి మెత్తబడింది. బొంత ఆ దీవి వైపే దిగసాగింది. ఒడ్డున ఎవరో అప్పటికే నిలబడి, వాళ్ళ దారి చూస్తున్నట్టు, పెద్ద మంట రాజేస్తున్నారు.